పులుసు వాసన కేసు

ఆ ఉదయం సేబిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోర్టుకు వెళ్ళాలి, ఒక్క వాక్యం చెప్పాలి, తిరిగి రావాలి. ఆ వాక్యం కూడా సీనియర్ లాయరు మోక్ గారే నేర్పి పంపారు.

"‘కాగితంలో రాసిచ్చిందే మా వాదన’ అను, కూర్చో. బల్లలు గుద్దడం, కన్నీళ్ళు పెట్టుకోవడం టీవీ డ్రామాల్లో కొత్త లాయర్ల పని. విన్నావా?"

"విన్నానండీ."

విన్నది గానీ, ఆ పిల్ల లాయరు చదువు చదివిందే ఆ డ్రామాలు చూసి. సియోల్‌లో ఏ ఛానల్ తిప్పినా ఒక కొత్త లాయరు కోర్టుకు పరుగెత్తుతూనే ఉంటుంది మరి. ఆఫీసులో చేరాకే తెలిసింది, ఆ పరుగంతా సీనియర్ల కాఫీల కోసమని. "కొత్తపిల్లా!" అని ఎవరు కేకేసినా "వస్తున్నా!" అని లేవాలి. ఎవరు, ఎందుకు అని అడిగితే పొగరంటారు.

కేసు, బజారంతా పిన్నీ అని పిలిచే ఓక్ బున్‌రేది. ఆమె హోటల్లో దొరికేది మురగబెట్టిన సోయాగింజల పులుసొక్కటే. దాని కంపుకు తన పియానో బడి పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారని, ఆ వంట ఆపించాలని పైఅంతస్తు తక్ మాస్టారు దావా వేశాడు. పులుసు ఆగిపోతే హోటల్ మూతే.

కోర్టు వీధిలో పిన్ని పండగ బట్టలు కట్టుకుని, గుడ్డలో మూటగట్టిన కుండతో నిలబడి ఉంది.

"ఆ కుండెందుకు పిన్నీ?"

"జడ్జిగారు వాసన చూడొద్దూ? నువ్వు మాత్రం గట్టిగా అరవాలి లాయరమ్మా. గొణిగావో, నా పరువు గంగలో కలిసినట్టే. బజారంతా చెప్పొచ్చాను."

అంతలో పక్కనే కోర్టులా స్తంభాలున్న భవనం గుమ్మంలోంచి, చెవులకు ఏదో తగిలించుకున్న ఒకాయన చెయ్యి ఊపాడు. "కొత్తపిల్లా! ఎంతసేపే? లోపలికి పరుగెత్తు!"

"వస్తున్నా!" అంది సేబిన్ నోరు, దానంతటదే. కాళ్ళు పరుగెత్తాయి. వెనకే పిన్ని, పిన్ని చేతిలో కుండ.

లోపల ఎత్తైన పీట మీద జడ్జి, బెంచీల నిండా జనం, చుట్టూ కెమెరాలు. "చూశావా, నా పులుసు కోసం టీవీ వాళ్ళే దిగారు!" అని పిన్ని మురిసిపోయింది. విచారణ జరిగేచోట కెమెరాలు రానివ్వరని సేబిన్ చదువుకున్న మాట నిజమే. కానీ పిలిచినాయన తనకంటే బాగా పెద్ద. ఇంక చదువు మాట ఎవరు వింటారు!

ఆమె లేచి, వంగి దండం పెట్టి, నేర్చుకున్న వాక్యం చెప్పింది.

"అంతేనా? నిద్రొస్తోందే తల్లీ!" అరిచాడు చెవులాయన. "కోపం ఏదీ? కన్నీళ్ళేవీ?"

జడ్జి కూడా అవునన్నట్టు తలూపాడు. కోర్టే అడుగుతుంటే కాదనడానికి సేబిన్ ఎవరు? బల్ల గుద్దింది.

"ముక్కులు మూసుకుంటున్నారట! పాఠం అయ్యాక ఆ పిల్లలే కిందికి దిగి ఈ పిన్ని దగ్గర తింటున్నారు! అమ్మానాన్నలు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. వాళ్ళు ఆకలితో ఉంటే చూడలేక ఈమె పెడుతోంది. ఈ పులుసునే మారు వడ్డించుకు మరీ తింటున్నారు!"

ఇది ‘ఏడుపుగొట్టు ముక్క’ అని మోక్ గారు కాగితంలోంచి కొట్టేసిన సంగతి. పిన్ని సరిగ్గా అప్పుడే కుండ మూత తీసింది. జనానికి కళ్ళనీళ్ళు తిరిగాయి, ఎందుకని అడక్కండి.

"భేష్! మళ్ళీ మొదట్నుంచి!"

జడ్జిగారికి వినపడలేదు కాబోలనుకుని, సేబిన్ అదంతా మళ్ళీ చెప్పి, ఈసారి రెండు చేతులతో గుద్దింది. బల్ల రెండు ముక్కలైంది. లోపలంతా అట్ట.

"కట్!" చెవులాయన గంతేశాడు. "హీరోయిన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది, ఊరికే ఆమె చోట నిలబడమంటే ఇంత నటించావేమిటే! ఏ నాటకం కంపెనీ నీది?"

"నేను... నిజం లాయర్నండీ."

"పాపం, ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు."

జడ్జిగారు అప్పటికే గిన్నె పట్టుకుని కుండ దగ్గరికి చేరారు.

అది కోర్టు కాదు, డ్రామా షూటింగని సేబిన్‌కు అప్పుడు తెలిసింది. ఆ పిన్ని పొయ్యి తనే ఆర్పేశానని ఏడుస్తూ అసలు కోర్టుకు పరుగెత్తింది. గుమాస్తా తలెత్తకుండా చెప్పాడు. "ఎప్పుడో పిలిచాం. రెండు పక్షాలూ రాలేదు. వాయిదా పడింది."

"వాళ్ళూ రాలేదా?"

"ఎలా వస్తాను?" వెనక తక్ మాస్టారు రొప్పుతున్నాడు. గడ్డానికి పులుసు అంటింది. "పెద్దాయనా ఇక్కడ కూర్చో అని ఆ మనిషే నన్నూ జనంలోకి తోశాడు. అదే కోర్టనుకున్నా. మాట్లాడబోతే నోరు మూయించాడు. మొదటిసారి చెప్పినప్పుడు లాయరు మాట కదా అని నమ్మలేదమ్మా. రెండోసారి అడిగేశాను, నా పక్కన జనం వేషానికొచ్చి కూర్చున్నది నా శిష్యురాలి తల్లే. నిజమేనంది. ఈ సంగతి మీ కాగితంలో లేదేం?"

"కొట్టేశారండీ."

"పిల్లలు తిన్నారా అని నేనొక్కనాడూ అడగలేదు," అన్నాడు మాస్టారు సిగ్గుపడుతూ. "దావా వాపసు తీసుకుంటాను."

కుండతో అప్పుడే వచ్చిన పిన్ని ఆ మాట విని మెట్ల మీద కూలబడి భోరుమంది. "అయితే రేపు పొద్దున పొయ్యి వెలిగించుకోవచ్చా లాయరమ్మా?"

మధ్యాహ్నం మోక్ గారు పిలిచారు. "ఒక్క వాక్యమేగా చెప్పావు?"

"అదీ చెప్పలేదండీ. పిలిచే వేళకి అందుకోలేకపోయాను."

"ఖర్మ! మరి కేసు?"

"వాపసు తీసుకున్నారండీ."

మోక్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"మంచిది. ఇకమీదట ఏ వాయిదాకీ వేళకి వెళ్ళకు."