చిమ్మటతో గ్రూప్ ఫోటో

ఎండ నేల మీద పడాలంటే చెట్ల దయ కావాల్సినంత దట్టమైన ఒక పెద్ద అడవిలో, ఓ ఉదయం ఆడ చిమ్మట ఒకటి గూడు చీల్చుకుని బయటికొచ్చింది. సీతాకోకచిలుకకి దాయాదే గానీ, రెక్కలు చాపితే జానెడుకి మించి ఉంటుంది. అలాంటిది కనబడి చాలా ఏళ్ళయింది.

పక్క అడవివాళ్ళు ఓ అరుదైన కప్పతో ఫోటో దిగి, అడవుల మహాసభ నుంచి బిరుదు కొట్టేశారు. అప్పట్నుంచి ఈ అడవి పంచాయతీ అధ్యక్షుడు, అడవిదున్న గంభీరయ్యకి కంటి మీద కునుకు లేదు. చిమ్మట సంగతి తెలియగానే దాంతో ఫోటో దిగాలని తీర్మానం చేయించాడు.

ఎవరో యాత్రికుడు పారేసుకున్న కెమెరా కొండముచ్చు దగ్గరుంది. అది పరిగెత్తుకొచ్చి, చిమ్మట కొమ్మ మీద కదలకుండా ఉంది, వెలుతురు బాగుంది, ఇప్పుడే తీసేస్తానంది. కార్యదర్శి ముంగిస దాని చెయ్యి పట్టుకుని ఆపింది. ముఖ్య అతిథి పులిగారు రాకుండా ఫోటో ఏమిటని కసిరింది. కొమ్మ నరికించి, చిమ్మటతో సహా సభావేదిక మీద పెట్టించింది. శుభమని చుట్టూ సాంబ్రాణి పొగ వేయించింది.

చిమ్మట బతిమాలింది. తినడానికి నోరే లేని జీవి ఎలా మాట్లాడిందని అడక్కండి. బుర్ర లేనివాళ్ళు గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే చోట అదో వింత కాదు.

“అయ్యా, నా ఆయుష్షు అయిదు రోజులే. నా వాసన పట్టుకుని మగ చిమ్మట రావాలి, నేను గుడ్లు పెట్టాలి. ఆ పొగ ఆపించండి, మీకు పుణ్యముంటుంది.”

“ధూపం సభామర్యాదమ్మా,” అంది ముంగిస. “ఆపాలంటే సమావేశం పెట్టాలి. సమావేశం పెట్టాలంటే పులిగారు రావాలి.”

పులిగారు రెండో రోజు రాలేదు. మూడో రోజు బయల్దేరానని కబురు పంపి, దారిలో జింకల వాళ్ళింట భోజనానికి ఆగారు. అక్కడ ఎవరు వడ్డించారో, ఎవరు వడ్డనయ్యారో ఎవరూ అడగలేదు.

నాలుగో రోజు ఎక్కణ్ణుంచో మగ చిమ్మట వచ్చింది. పొగలో దారి తెలియక వేదిక చుట్టూ తిరిగింది. ఆడ చిమ్మట రెక్కలు కొట్టుకుంటూ పిలిచింది. పెద్దల సభలో పురుగులేమిటని ముంగిస విసుక్కుని, ఆకుల విసనకర్రలతో కొట్టించి తరిమేసింది. కొండముచ్చు ఏదో అనబోయి, అధ్యక్షుడి చూపు చూసి, కెమెరా తుడుచుకుంటూ కూర్చుంది. సిగ్గులేని జన్మ.

ఆరో రోజు పులిగారు వేంచేశారు. చిమ్మట ముందురోజే చచ్చిపోయింది. ముంగిస కంగారుపడలేదు. రెక్కల్ని జిగురుతో కొమ్మకి అంటించింది.

“బతికుంటే ఊరికే కదిలేదండీ,” అంది అధ్యక్షుడితో. “ఇప్పుడు ఫోటో చక్కగా వస్తుంది.”

పులిగారు ముందు నిలబడ్డారు. గంభీరయ్య ఆయన కంటే అరడుగు ముందుకు జరిగాడు. ముంగిస దండ పట్టుకుని ఇద్దరి మధ్యా దూరింది. కొండముచ్చు బటన్ నొక్కింది.

వారానికి మహాసభ నుంచి జవాబొచ్చింది. ఫోటోలో పులి, దున్న, ముంగిస బాగా పడ్డారనీ, చిమ్మట మాత్రం కనబడలేదనీ, బతికున్న చిమ్మటతో ఇంకో ఫోటో పంపితే బిరుదు ఖాయమనీ రాశారు.

అడవంతా గాలించారు. గుడ్డు లేదు, గూడు లేదు. వేదిక వెనక చెత్తలో మగ చిమ్మట రెక్క ఒకటి దొరికింది. పంచాయతీ అత్యవసరంగా సమావేశమై, చిమ్మట జాతి సహకరించలేదని ఏకగ్రీవంగా ఖండించింది.

నీతి: అరుదైన ప్రాణి కనబడితే వెంటనే సన్మానం చేయండి, మళ్ళీ కనబడి విసిగించదు.