కిటికీలో పంతొమ్మిదిసార్లు

శింగనమలలో తిప్పేష్ అంత అనుమానం మనిషి ఇంకొకడు లేడప్పా. ఇంట్లో కోడి గుడ్డు పెట్టినా, ఇది మన కోడిదేనా అని రెండుసార్లు అడిగే రకం. అట్లాంటోడి ఫోనుకు పెళ్లాం మీద రిపోర్టు వస్తే ఊరకుంటాడా?

ఆయన పెళ్లాం ఉమాదేవి టీచరు ఉద్యోగానికి చదువుతాండాది. వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. అనంతపురం కోచింగు సెంటరులో ప్రసూన మేడమ్ ఉచితంగా సీటిచ్చింది. ప్రాక్టీసు పరీక్షలు మాత్రం ఇంట్లోనే, ఉమాదేవి ఫోన్లోనే. ఒంటికి వైర్లూ గీర్లూ ఏమీ తగిలించరు. కెమెరాలోనుంచే ఏఐ ఆమె కళ్లు చూసి, మనసు పరీక్ష మీద ఉండాదా లేదా అని నూటికి మార్కులేసి ఇంటాయనకు పంపుతాది. రెండుసార్లు యాభైకి తగ్గితే సీటు పోయినట్టే.

మొదటి రిపోర్టులో నలభై ఆరు వచ్చినాయి. "ఎడమవైపు చూసినది పద్నాలుగుసార్లు" అని కింద రాసినారు.

"ఎడమవైపు కిటికీ కదా! ఎవుర్ని చూస్తాంటివే?"

"నిన్నే మామా."

"నన్నా? నాలో ఏముండాదని?"

"ఏమీ లేదు కాబట్టే. వాకిట్లో ఇత్తనం శెనక్కాయ బుడ్డలు ఎండేసి నిన్ను కాపలా పెడితే, గుర్రుపెట్టి నిద్రపోతివి. మేకలు మేస్తాంటే చూడొద్దా? రేపు వాన పడితే ఏం ఇత్తుదాం, నీ గుర్రా?"

తిప్పేష్ నమ్మలేదు. ఏ మేకైనా పద్నాలుగుసార్లు వస్తాదా? ఇందులో ఏదో మతలబు ఉండాది అనుకున్నాడు.

రెండో పరీక్షనాడు చేనికి పోతానని చెప్పి, కిటికీ కింద గడ్డివామి చాటున నక్కినాడు. మెల్లగా తలెత్తి చూసినాడు. ఉమాదేవి వంచిన తల ఎత్తకుండా రాస్తాంది. ఇంత బుద్ధిగా ఉండాదంటే నన్ను కనిపెట్టినట్టుందే అని ఇంకా అనుమానం వచ్చింది. మళ్లీ తలెత్తినాడు. మళ్లీ దించినాడు.

పరీక్ష అయినాక ఫోను మోగింది. ముప్పై ఒకటి! "కిటికీలోనుంచి ఇంకొకరు తొంగి చూసినది పంతొమ్మిదిసార్లు. ఫోటో చూడండి."

"దొరికినాడు దొంగ! ఇంకొకడంట! ఫోటోతో సహా దొరికినాడు, రావే!" అని ఊరంతా వినబడేటట్టు అరిచి, ఫోటో తెరిచినాడు.

నెత్తిన గడ్డిపోచలతో, నోరు తెరుచుకొని, తనే.

ఉమాదేవి నవ్వలేదు, తిట్టలేదు. "నా సీటు పోయింది మామా" అని గోడకానుకొని కూలబడింది. ఆమె కండ్లలో నీళ్లు చూసి తిప్పేష్‌కు ప్రాణం ఉసూరుమంది. పరువు పోతే పోయిందని స్పీకరు పెట్టి మేడమ్‌కు ఫోను కొట్టినాడు.

"మేడమ్, ఆ తల నాది. తప్పు కూడా నాదే. ఆమెను ఏమీ అనొద్దు."

మేడమ్ కడుపుబ్బ నవ్వి రిపోర్టు కొట్టేసింది. "సీటుకు ఢోకా లేదన్నా. అయినా ఆ యంత్రం మీ తలక్కూడా మార్కులేసింది. తొంభై ఏడు! రెప్ప కూడా వేయలేదంట. మా సెంటరులో ఇంతవరకు ఎవరికీ రాలేదు."

"విన్నావేమే!" అని తిప్పేష్ మీసం దువ్వినాడు.

ఉమాదేవి కండ్లు తుడుచుకొని ఫోను లాక్కుంది. "మేడమ్, పదో తరగతి లెక్కలు తప్పినోళ్లకు కూడా మీ కాడ క్లాసులుండాయా?"

"ఉన్నాయి. రేప్పొద్దున ఆరింటికే మొదటి పరీక్ష."

"నాకు నలభై రెండేండ్లు మేడమ్!" తిప్పేష్ గొంతు పీలగా వచ్చింది.

"దానికి వయసుతో పని లేదన్నా. రిపోర్టు ఎవరి ఫోనుకు పంపాలో నంబరు చెప్పండి."

తిప్పేష్ నోరు తెరిచేలోగా ఉమాదేవి తన నంబరు చెప్పేసింది.