పురుగు నామకరణం

"ఖరగ్‌పూర్‌కి ఆ పొడవాటి రైల్వే ప్లాట్‌ఫారం తర్వాత అంతటి ఘనత మన కాలనీ పురుగు వల్లే" అని సంక్షేమ సంఘం అధ్యక్షులు రాజశేఖర్‌గారు మైకులో ప్రకటించారు. హాలు చప్పట్లతో మోగింది. వేదిక మీద శాలువాతో వినీల కూర్చుని ఉంది.

వినీల రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్ కూతురు. కాలేజీలో నీటి నులిపురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఊళ్ళోని చెరువులూ కాలవలూ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టి, కంటికి ఆనని ఆ పురుగుల్ని మైక్రోస్కోపులో చూస్తుంది. ఝపటాపూర్ చెరువులో ఇరవై రకాలు దొరికాయి. నాచు తినేవి కొన్ని, తోటి పురుగుల్నే తినేవి కొన్ని. అన్ని రకాలుంటే నీళ్ళు బాగున్నట్టు. సొంత కాలనీ కుళాయిలో మాత్రం ఒకే రకం, లెక్కకి అందనన్ని. అదీ ఇంతవరకూ శాస్త్రం ఎరగని రకం.

ఈ కబురులో రాజశేఖర్‌గారి చెవికెక్కింది చివరి మాటొక్కటే. మిఠాయి డబ్బాతో వాళ్ళింటికొచ్చారు.

"అమ్మాయ్, పేరు పెట్టే హక్కు నీదేనటగా. పదేళ్ళుగా కాలనీకి నిస్వార్థంగా సేవ చేస్తున్న మనిషి ఒకరున్నారు. నా నోటితో నేను చెప్పుకోకూడదు."

"సార్, అది ఎలాంటి నీళ్ళలో..."

"మన నీళ్ళలో. అంతకన్నా ఏం కావాలి?"

ఆ నామకరణానికే ఈ సభ. అధ్యక్షులు తన పేరు తానే ప్రకటించుకుని కూర్చున్నాక, వెనక వరసలో చిలకమ్మ లేచింది. మురుగు గొట్టం తాగే నీళ్ళ గొట్టంలోకి కారుతోందని ఆవిడ సంఘం ద్వారా ఇంజనీరు ఆఫీసుకి మూడేళ్ళలో మూడు అర్జీలు రాయించింది. మూడింటికీ ఒకటే జవాబు: ఫిర్యాదు అందలేదు. మొన్ననే ఆవిడ మనవరాలు విరేచనాలతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండొచ్చింది.

"ఆ పురుగు ఏటి తింటాదమ్మా?"

వినీల ఒక్క క్షణం శాలువా వంక చూసింది. తీసి కుర్చీ మీద పెట్టింది.

"మురుగులో పెరిగే సూక్ష్మజీవుల్ని, మామ్మా. మలం కలిసిన నీళ్ళలోనే ఇంతలా పెరుగుతుంది."

హాల్లో ముందు ఎవరో దగ్గారు. తర్వాత అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే సంఘం సీలుతో వినీలకి ఉత్తరం వచ్చింది. "సదరు కలుషిత జలము గూర్చి శ్రీమతి చిలకమ్మ మూడేళ్ళుగా మూడు పర్యాయములు లిఖితపూర్వకముగా ఫిర్యాదు చేసియున్నందున, సదరు పురుగు నామకరణ గౌరవము న్యాయముగా ఆమెకే చెందవలెను. అధ్యక్షులవారికి దీనితో ఎట్టి సంబంధమూ లేదు."

వినీల చదివి వినిపిస్తే చిలకమ్మ నెమ్మదిగా అడిగింది.

"నీళ్ళు పాడని రాసినాడా? నేను సెప్పినాననీ రాసినాడా?"

"రాశారు మామ్మా. సంతకం కూడా పెట్టారు."

"పేరు నాకొద్దు. ఆ కాయితం ఇలాగియ్యి."

ఇద్దరూ కలిసి ఆ కాగితాన్ని ఇంజనీరు ఆఫీసులో ఇచ్చారు. అధ్యక్షులే ఒప్పుకున్నాక అందలేదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. పదో రోజుకి కొత్త గొట్టం పడింది.

వినీల మాత్రం పురుగుకి రాజశేఖర్‌గారి పేరు పెట్టలేదు. దొరికిన మురుగు తిని బతికే పురుగు, పాపం, అదేం తప్పు చేసిందని?