అర నిమిషం గులాబీ

అఖిల సాగరజల లవణగర్వ నిర్మూలన ధురంధరమై, పంపుల ఘోషతో దిక్కులు పిక్కటిల్లజేసే ఉప్పునీటి శుద్ధి కర్మాగారంలో, క్యాంటీను గోడనానుకున్న ప్రయోగశాలలో, అందరికీ ఆకళ్లు దంచేస్తున్న శుభవేళ ఒక మహాసంగ్రామం జరిగింది. శ్రద్ధగా వినండి.

ఒకవైపు శత్రువు, పాలిమర్ ద్రావణం. శుద్ధియంత్రపు పొరల మీద సున్నపు పెచ్చు కట్టనివ్వని మహోపకారే గాని, సత్తువ ఎంతో తేల్చబోతే పరమలోభి. తనలోని ఆమ్లాన్ని ఒక్కసారిగా ఇవ్వదు. పైనుంచి పడే ఒక్కో క్షారపు చుక్కకూ మూలుగుతూ ఇంత విదిలిస్తుంది.

రెండోవైపు బ్యూరెట్ ఖడ్గధారిణి, మితభాషిణి, మాటలకంటే ధైర్యం మరీ మితమైన చిన్న కెమిస్టు. ఫ్లాస్కులో ఆమ్లమంతా తీరిపోగానే, అందులో వేసిన సూచక ద్రవం వల్ల లేత గులాబీ రంగు పుట్టి అర నిమిషం నిలవాలి. అప్పుడు ఖర్చయిన క్షారం ఎంతో రాసుకోవాలి. కనీసం రెండు పరీక్షల అంకెలు కలవాలి. నిన్న కలవలేదు. ఇవాళా కలవకపోతే సీసాలు కడిగే గదికి పొమ్మని మేనేజరు తేల్చేశాడు.

ఆమె భుజం మీదుగా ఫ్లాస్కులోకి తొంగిచూస్తున్నది పెద్ద కెమిస్టు. చిన్నదాని అన్నగారి ధర్మపత్ని, ఈ ఉద్యోగం ఇప్పించిన దాత, ఆ సంగతి లోకం మరువకుండా రోజూ చాటే పుణ్యాత్మురాలు, అవిచ్ఛిన్న వాక్ప్రవాహ ప్రచండ, వదిన!

"అంత బిగుసుకుపోతావేంటే? మీ అన్నయ్యా ఇంతే, గ్యాస్ బండ మార్చమంటే యుద్ధానికెళ్తున్నట్టు ముఖం పెడతాడు."

గులాబీ పూసింది. వాడింది.

"పోయిందా? నే చెప్తూనే ఉన్నా. ఇంకో చుక్క వెయ్."

వేసింది. పూసింది. వాడింది. చుక్క మీద చుక్క పడి అంకె ఎక్కడికో ఎక్కి కూర్చుంది.

రెండో పరీక్ష వేళకు వదినకు ఫోనొచ్చి వరండాలోకి వెళ్లింది. ఆశ్చర్యం! రంగు ఇటు కదల్లేదు, అటు మెదల్లేదు. మూడో ఫ్లాస్కులో లేత రంగు తొంగిచూస్తుండగా వదిన తిరిగొచ్చి, దాని మీదకు వంగి, "ఏమైందే?" అంది. అంతే, రంగు మాయం.

చిన్న కెమిస్టు బుర్రలో మెరుపు మెరిసింది. ఊపిరి! అందులోని బొగ్గుపులుసు గాలి నీళ్లలో కలిస్తే ఆమ్లమే కదా!

"ఓ వదినా! నిరంతర భాషణ నిశ్శ్వాస మారుత ప్రహార పటీయసీ! నీ వదనగహ్వరమున వెడలు ఝంఝ నా గులాబిని గూల్చుచున్నది. మూయుము, మూయుము!" అని ఆమె గర్జించింది, మనసులో.

"ఏంటే గొణుగుతున్నావ్?"

"ఏం లేదు వదినా."

నాలుగో ఫ్లాస్కు ఎత్తింది. పాలిమర్ నమూనాలో మిగిలింది అదొక్కటే. అద్దాల తలుపు అవతల కడగాల్సిన సీసాలు గుట్టగా నోళ్లు తెరుచుకుని ఎదురుచూస్తున్నాయి. ఆఖరి చుక్క బ్యూరెట్ కొసన వేలాడుతోంది. వదిన వంగింది, నోరు తెరిచింది.

"వదినా! ఒక్క అర నిమిషం మాట్లాడకండి! మీ ఊపిరికే రంగు పోతోంది!"

అన్నగారు ఇన్నేళ్ల కాపురంలో అనలేని మాట అది. జవాబు చెప్పడానికి వదిన గుండెల నిండా గాలి పీల్చింది. పీల్చాక, తనూ కెమిస్టే కాబట్టి, అర్థమైంది. వదల్లేక, ఆపలేక, బుగ్గలు పూరీల్లా పొంగించి నిలబడిపోయింది. చుక్క పడింది. ఫ్లాస్కు గులాబీ అయింది, వదిన ముఖమూ గులాబీ అయింది. రెండూ నిలిచాయి. గడియారపు ముల్లు అర నిమిషం నడిచింది. అంకె రెండో పరీక్షతో అచ్చంగా కలిసింది. చిన్నది రాసేసుకుంది.

"హమ్మయ్య! చూశావా, నేను ఊపిరి బిగబట్టబట్టే వచ్చింది!" అంది వదిన, ఫ్లాస్కు మీదకు వంగి.

రంగు పోయింది. పోతే పోయింది.

ఈ గాథ చదివినవారికి, చదివించినవారికి, వారి వారి ఇళ్లలో అర నిమిషం మౌనం ప్రాప్తించుగాక. అంతకుమించి ఇప్పించడం మా వల్ల కాదు.