ఓడలో మనోడు

విశాఖపట్నం రేవు నుంచి బయల్దేరే ఆ విహార నౌకలో వండబోయే మాంసం తన పేర టికెట్టు తీసుకుని, తన కాళ్ళ మీద తాను నడిచి ఓడ ఎక్కుతుంది. ఎక్కాక తనను తినబోయేవారితో ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తుంది. ఆ తర్వాత ఒప్పుకుంటే వంటశాలకు వెళ్తుంది, ఒప్పుకోకపోతే వెళ్ళదు. దీన్ని నైతిక మాంసం అంటారు. మామూలు మాంసం కంటే ఖరీదు ఎక్కువ. గిరాకీ కూడా ఎక్కువే.

మొదట్లో ప్రయాణికులు కాస్త ఇబ్బంది పడ్డారు. పక్క కుర్చీలో గొర్రె కూర్చుంటే దాని ముందు చెంచా పెట్టాలా వద్దా అన్నది తేలలేదు. ప్రయాణాలు జరిగే కొద్దీ అలవాటైపోయింది. ఇప్పుడు పిల్లలు కోళ్ళకు నమస్కారం పెడతారు. పెద్దవాళ్ళు పొట్టేళ్ళను మీది ఏ జిల్లా అని అడిగి, ఆ జిల్లాలో తమకు తెలిసినవాళ్ళ పేర్లు చెప్పి, తెలుసా అంటారు.

నైతిక మాంసాన్ని చూసుకునేది ప్రత్యేక ఆహార విభాగం. ఉల్లి వెల్లుల్లి తిననివారు, షుగరు ఉన్నవారు, శనివారం తిననివారు, ఇంట్లో తినరు గాని ఓడలో తినేవారు, తింటారు గాని ఎముక కనపడకూడదనేవారు, అందరికీ ఆ విభాగం వేరువేరు బల్లలు వేస్తుంది. నైతికంగా తినేవారిని కూడా అందులోనే కలిపారు. మిగతావాళ్ళ పత్యం కడుపు కోసమైతే వీళ్ళ పత్యం మనసు కోసమని విభాగం మేనేజరు పోతాప్రగడ వైజయంతి గారు వివరించేవారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మాంసం విషయంలో అలాంటివారైతేనే పక్షపాతం లేకుండా ఉంటారని కంపెనీ ఆవిడను ఆ సీట్లో కూర్చోబెట్టింది.

ఒప్పుకున్నట్టు రుజువేమిటి అన్నదాని మీద చాలా చర్చ జరిగింది. జంతువులకు మాట వచ్చు గాని సంతకం రాదు. చివరికి పల్లెల్లో జాతరలప్పుడు చేసే పద్ధతినే తీసుకున్నారు. నెత్తిన నీళ్ళు చల్లుతారు. ఒళ్ళు దులుపుకుంటే ఒప్పుకున్నట్టు. నీళ్ళు పడితే ఏ గొర్రె అయినా దులుపుకుంటుందని అందరికీ తెలుసు కాబట్టి ఆ పద్ధతికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నోటితో వద్దన్నవాటి మీద మాత్రం నీళ్ళు చల్లకూడదు. కాబట్టి అసలు పని, అవి నోటితో వద్దనకుండా చూడడం. దానికోసం సమ్మతి అధికారి అని ఒక ఉద్యోగం పెట్టారు.

ఆ ఉద్యోగం కడారి సైదులుకు వచ్చింది. వాళ్ళది సూర్యాపేట దగ్గర పల్లె, గొర్లు కాసే ఇల్లు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది అతనే. ఇంటర్వ్యూకు అతనికంటే పెద్ద చదువులవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఎంత మర్యాదగా పలకరించినా ఎదురుగా నిలబెట్టిన గొర్రె నోరు విప్పలేదు. సైదులు వచ్చి, ఏ ఊరు తమ్మీ, నీళ్ళు తాగినవా అనగానే అది అరగంట మాట్లాడింది. ఆ సాయంత్రమే అతనికి టై ఇచ్చారు.

సైదులు పని శ్రద్ధగా చేసేవాడు. జంతువులను గారు అని పిలవాలన్న నియమం ఉంది. పైవాళ్ళు ఉన్నప్పుడు అలాగే పిలిచేవాడు, లేనప్పుడు తమ్మీ అనేవాడు. కాని అతని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కిందటి ప్రయాణంలో రెండు మేకలు నోరు తెరిచి వద్దనేశాయి. ఇంకొకరు వద్దంటే ఇక కుదరదని వైజయంతి గారు చాలా మృదువుగా చెప్పారు. అతని జీతం మీద చెల్లెలు నర్సింగు చదువుతోంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలుసు కాబట్టే తనకు బాధగా ఉందని కూడా అన్నారు.

ఈసారి పొట్టేలు మాంసం కోరింది కలిదిండి శ్రీలాస్య అనే అమ్మాయి. వాళ్ళ నాన్న రంగరాజు గారి పుట్టినరోజు విందు. పొట్టేలు ఎప్పుడూ కట్టేసి పెరగనిదై ఉండాలని, సంతోషంగా ఉండాలని, మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలని ఆమె ముందే చెప్పింది.

"మా నాన్నగారికి గిల్టు ఉంటే అరగదండీ" అంది.

వచ్చిన పొట్టేలు చివ్వెంల వైపుది. నల్లది, వయసులో ఉన్నది, నెమ్మదస్తుడు. తన పత్యం ఏమిటని అడిగితే తుమ్మకాయలు అని చెప్పాడు. వంటశాలవాళ్ళు ఆలివ్ నూనె చల్లిన విదేశీ ఆకులు తెచ్చిపెట్టారు. మంచిగనే ఉన్నదక్కా అని శ్రీలాస్యతో చెప్పి మొత్తం తిన్నాడు. రంగరాజు గారు చివ్వెంలలో తనకు తెలిసిన ఒక కాంట్రాక్టరు పేరు చెప్పారు. పొట్టేలుకు అతను తెలుసు. ఆయన చెరువుల మట్టి తీసినంక మాకు తాగ నీళ్ళు లేకుండె అన్నాడు. రంగరాజు గారు నవ్వి, పొట్టేలు భలే ముక్కుసూటి మనిషని మెచ్చుకున్నారు.

విందు రోజు మధ్యాహ్నం సైదులు, పొట్టేలు కింది అంతస్తులో సముద్రం కనపడే చోట కూర్చున్నారు. సైదులు చెప్పాల్సినవన్నీ చెప్పాడు. నొప్పి ఉండదన్నాడు, గౌరవం ఉంటుందన్నాడు, నియమం ప్రకారం కిందటిసారి రెండు మేకలు వద్దన్న సంగతి కూడా చెప్పాడు. పొట్టేలు నెమరు వేస్తూ విన్నాడు.

"అన్నా, వద్దంటే ఏమైతది?"

"మీ నిర్ణయాన్ని గౌరవిస్తం" అన్నాడు సైదులు. అది అతనికి నేర్పిన జవాబు.

"గౌరవించి?"

దానికి జవాబు నేర్పలేదు. వద్దన్న జంతువులను ఓడ సిబ్బంది మెస్సుకు పంపుతారు. నైతిక నియమం టికెట్టు కొన్న ప్రయాణికుల భోజనానికే గాని సిబ్బంది భోజనానికి వర్తించదు. అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. కిందటి ప్రయాణంలో మేకలు వద్దన్న మర్నాడు మెస్సులో కూర బాగా కుదిరింది. సైదులు రెండోసారి కూడా వేయించుకున్నాడు.

"మొన్న వద్దన్న మేకలు యాడబోయినయ్?" అని పొట్టేలు అడిగాడు. సైదులు సముద్రం వైపు చూశాడు.

"తిన్నవా?"

"తిన్న."

"మంచిగున్నదా?"

సైదులు టై సర్దుకున్నాడు. అది సరిగ్గానే ఉంది. "మంచిగనే ఉన్నది" అన్నాడు.

పొట్టేలుకు కోపం రాలేదు. వచ్చి ఉంటే సైదులుకు కాస్త తేలికయ్యేది. కాసేపు ఆలోచించి, అయితే తాను కూడా వద్దంటానన్నాడు. ఎటూ పోవాల్సిందే అయినప్పుడు ఆ పెద్దోళ్ళ పళ్ళెంలోకి ఎందుకు, నువ్వే తిను, నువ్వు మనోడివి, బొక్క గూడ చీకకుంట పారెయ్యవు అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు, బస్సులో పక్కసీటు తన ఊరివాడికి ఇచ్చినట్టు.

సైదులు అప్పుడు సరే అనవచ్చు. సరేనంటే సరిపోయేది. పొట్టేలు అడిగింది అదొక్కటే.

"నువ్వు వద్దంటే నా నౌకరి పోతది తమ్మీ" అన్నాడు.

సొంత ఇబ్బందులు అతిథులకు చెప్పకూడదని నియమం ఉంది. సైదులు ఏనాడూ దాన్ని దాటలేదు. ఇప్పుడు దాటడం నోరు జారి కాదు. ఆ మాటకు ఇతను కరుగుతాడని తెలిసే దాటాడు. పెద్ద చదువులవాళ్ళకు అది తట్టి ఉండేది కాదు. ఏ మాటకు ఎవరు కరుగుతారో వాళ్ళలో పుట్టినవాడికే తెలుస్తుంది. కంపెనీ అతన్ని తీసుకున్నది అందుకే.

"గిది ముందుగాల్నే చెప్పొద్దా" అన్నాడు పొట్టేలు. "ఇంతసేపు ఆ నియమాలు ఈ నియమాలు అనవడితివి. ఇంట్ల నీదొక్కనిదేనా నౌకరి?"

"ఒక్కనిదే."

"మరింక మాటలెందుకు. పిలువు వాళ్ళను."

వైజయంతి గారు, శ్రీలాస్య వచ్చి నిలబడ్డారు. శ్రీలాస్య ఫోను పైకెత్తి పట్టుకుంది. సైదులు ఇత్తడి చెంబుతో పొట్టేలు నెత్తిన నీళ్ళు చల్లాడు.

పొట్టేలు కదల్లేదు. నీళ్ళు కొమ్ముల మీంచి జారి చెవుల కొసల నుంచి చుక్కలుగా కారుతున్నాయి. ఇలా ఎప్పుడూ జరగలేదు. నీళ్ళు పడితే ఒళ్ళు దానంతటదే దులుపుకుంటుంది కాబట్టి ఇంతవరకు ఎవరూ ఎవరితోనూ ఏమీ అనాల్సిన పని రాలేదు. వైజయంతి గారు సైదులు వంక చూశారు. శ్రీలాస్య ఫోను కొంచెం కిందికి దించింది.

పొట్టేలు తలెత్తి సైదులు మొహంలోకి చూశాడు.

"సలి పెడ్తలేదన్నా. ఎండకు నీళ్ళు హాయిగనే ఉన్నయ్. దులుపుకోమంటవా?"

సైదులు చేతిలోని చెంబులో ఇంకా నీళ్ళున్నాయి, ఇంకోసారి చల్లి చూడవచ్చు. అతను చల్లలేదు. చల్లినా ఇతను కదలడని, తన నోటితో చెబితేనే కదులుతాడని అతనికి అర్థమైంది.

"దులుపుకో తమ్మీ" అన్నాడు.

పొట్టేలు దులుపుకున్నాడు. నీళ్ళు ఎగిరి అందరి మీదా పడ్డాయి. శ్రీలాస్య కళ్ళు తుడుచుకుంది, ఎంత బ్యూటిఫుల్‌గా ఒప్పుకున్నాడో అంది. వైజయంతి గారు చప్పట్లు కొట్టారు.

రాత్రి విందులో, వడ్డనకు ముందు, ఆనవాయితీ ప్రకారం సమ్మతి అధికారి లేచి పొట్టేలు జీవితాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాడు. మేసిన మేత గురించి, తిరిగిన గుట్టల గురించి, మర్యాద గురించి చెప్పాడు. చెరువు మట్టి గురించి చెప్పలేదు. అతిథులు తల వంచుకుని విన్నారు, తర్వాత తృప్తిగా తిన్నారు. రంగరాజు గారు మూలుగ కోసం ఎముకలు అడిగారు గాని, పక్కనున్నవారి పత్యానికి కనపడకూడదని అవి అసలు బల్ల మీదికే రాలేదు. మనసు నిండిపోయిందని చెప్పి చాలామంది పళ్ళేల్లో సగం వదిలేశారు. మిగిలిన నైతిక మాంసం సిబ్బందికి ఇవ్వడానికి వీల్లేదు, దాని ఖరీదు వాళ్ళు కట్టలేదు కాబట్టి. దాన్ని సముద్రంలో వదిలారు.

శ్రీలాస్య సైదులును పిలిచి, మీరూ మాతో కూర్చోండి, మీ వల్లే కదా అంది. పళ్ళెం కూడా పెట్టించింది. సైదులు ఆ పళ్ళెం వైపు చూసి, తాను మాంసం తినడం లేదని, పత్యమని చెప్పాడు. ఎప్పటి నుంచి అని ఆమె అడగలేదు.

వైజయంతి గారికి చాలా సంతోషం కలిగింది. ఆవిడే స్వయంగా అతన్ని సాంబారు బల్ల దగ్గరికి తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చూశారా సైదులు గారూ, మీరు కూడా మాలాగే అయిపోయారు" అన్నారు. అతను థాంక్యూ మేడం అన్నాడు. ఆ వారంలోనే ఉద్యోగం పర్మనెంటు అయింది. ఇంటికి ఫోను చేసి చెబితే, వాళ్ళమ్మ చుట్టుపక్కలవాళ్ళందరికీ వినపడేలా ఫోను స్పీకరులో పెట్టి మళ్ళీ చెప్పమంది. ఎట్లా చేసినవు కొడుకా అని అడిగింది. అందరితో మంచిగ మాట్లాడితినే అన్నాడు.

తర్వాతి ప్రయాణానికి రేవులో కొత్త మంద దిగింది. ఇదివరకు గొర్రెలు ఓడ మెట్ల దగ్గర మొరాయించేవి, నలుగురు కూలీలు పట్టి లాగాల్సి వచ్చేది, దాన్ని కూడా తమ కాళ్ళ మీద ఎక్కడం కిందే లెక్కవేసేవారు. ఈసారి అలాంటిదేమీ జరగలేదు. అన్నీ మెట్ల దగ్గర వరుసగా నిలబడ్డాయి. ముందున్న పెద్ద గొర్రె వచ్చేపోయే ప్రతి ఉద్యోగి మొహంలోకి చూస్తోంది. సైదులును చూడగానే దాని మొహం విప్పారింది.

"సైదన్నవు నువ్వేనా? మా దిక్కు అందరు చెప్పుకుంటున్నరు. ఓడల మనోడే ఆఫీసరున్నడు, ఏం భయపడకుర్రి అని చెప్పి తోలిండ్రు. అందరం నీ పేరు చెప్పుకునే వస్తిమి."

సైదులు వెనక వైజయంతి గారు నిలబడి ఉన్నారు.

"ఆ, నేనే" అన్నాడు. "రాండ్రి."

పెద్ద గొర్రె నిశ్చింతగా అతని వెనకాల మెట్లెక్కింది. మిగతావన్నీ దాని వెనకాల ఎక్కాయి. సైదులు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వస్తాయని అతనికి తెలుసు.