సున్నా లేని బల్ల

మలికిపురం దగ్గర బొండాలమెరక అనే ఊళ్ళో, కిందటేడు వరద తీసిన వారంలోనే అంగన్‌వాడీ పిల్లలు ఇరవై ముగ్గురూ తలా నాలుగు సెంటీమీటర్లు పొడుగెదిగారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కులం గాని, మతం గాని, ఆడా మగా తేడా గాని లేకుండా అందరూ సమానంగా ఎదిగారు. ఏ పథకమైనా ఇంత సమానంగా అందరికీ అందిన దాఖలా మన రికార్డుల్లో లేదు.

పేరులో మెరక ఉన్నా ఆ ఊళ్ళోకి గోదావరి తరచు వస్తుంది. ఈసారి వచ్చి అంగన్‌వాడీలోనే వారం రోజులు ఉండిపోయింది. పిల్లల ఎత్తు కొలిచే ఆరడుగుల చెక్క బల్ల అడుగున నాని పుచ్చిపోయింది. కార్యాలయం వారు మరమ్మతు మంజూరు చేశారు. వడ్రంగి రాఘవులు వచ్చి, పుచ్చిన మేరకు నాలుగు సెంటీమీటర్లు కోసేసి, నున్నగా చిత్రిక పట్టి, బల్లను మళ్ళీ గోడకు నిలబెట్టి వెళ్ళాడు. పని చక్కగా చేశాడు. బల్ల ఇప్పుడు ఊగడం లేదు.

అంగన్‌వాడీ టీచరు కృపమ్మకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఏ పిల్ల ఎంత తింటుందో, ఎంత ఎదుగుతుందో ఆవిడకు నోటి లెక్క. సాయిదుర్గ కూతురు జాహ్నవి అంటే ఆవిడకు కాస్త బెంగ. నాలుగేళ్ళు నిండిన ఆ పిల్ల తొంభై రెండు సెంటీమీటర్లే ఉంది. ఆ వయసులో తొంభై నాలుగు గీతకు కింద ఉన్న పిల్లలకు రోజూ రెండో గుడ్డు ఇవ్వాలని, పైన ఉన్నవాళ్ళకు అక్కర్లేదని నియమం. జాహ్నవి ఆ రెండో గుడ్డు మీదే కాస్త తేరుకుంటోంది. అటువంటి పిల్లను ఆ రోజు బల్ల దగ్గర నిలబెడితే తొంభై ఆరు వచ్చింది.

కృపమ్మ నేల మీద చతికిలబడి బల్ల అడుగున చూసింది. వెంటనే ప్రాజెక్టు ఆఫీసరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి ఫోను చేసింది.

"సార్, బల్లలో సున్నా పోయిందండి. నాలుగు నుంచి మొదలవుతుందండి."

"సున్నాతో మనకేం పనండీ? అంత పొట్టి పిల్లలు మన ప్రాజెక్టులో ఎవరూ లేరు కదా."

"అది కాదండి. అందరికీ నాలుగేసి ఎక్కువొస్తుందండి."

"ఎక్కువొస్తే ఫిర్యాదేవిటండీ? తక్కువొస్తే చెప్పండి, చర్య తీసుకుంటాను."

కొలతలు కంప్యూటరులోకి ఎక్కాయి. పొట్టి పిల్లలు బొత్తిగా లేని ఊరుగా బొండాలమెరక జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. పొట్టి పిల్లలు లేరు గనక రెండో గుడ్డు ఆగిపోయింది. జాహ్నవి కారణం అడిగితే, "నువ్వు పొడుగైపోయేవమ్మా" అని కృపమ్మ చెప్పింది. ఆ పిల్ల తన కాళ్ళకేసి చూసుకుని నమ్మలేదు.

ఇంత అభివృద్ధి జరిగాక శాస్త్రం ఊరుకోదు. బాలల ఉన్నతి పరిశోధనా మండలి నుంచి డాక్టర్ సత్యప్రసాద్ గారు బృందంతో దిగారు. ఆయన చాలా జాగ్రత్త గల మనిషి. ఒక్క కొలతను నమ్మరు. ప్రతి పిల్లనూ అదే బల్ల మీద మూడుసార్లు కొలిచారు. అరవై తొమ్మిది కొలతలు వచ్చాయి. ఏ పిల్ల మూడు కొలతలు చూసినా మిల్లీమీటరుకు మించి తేడా లేదు. ఇన్ని కొలతలు ఒకే మాట చెబుతున్నాయంటే పొరపాటుకు తావెక్కడిదని ఆయన నివేదికలో రాశారు. ఎత్తుల్ని దశాంశ బిందువు తర్వాత మూడంకెల వరకూ ఇచ్చారు.

కృపమ్మ తన కుట్టుమిషను టేపు పట్టుకుని వెళ్ళింది.

"డాక్టరుగారూ, దీంతో కొలిస్తే అందరూ నాలుగేసి తక్కువొస్తున్నారండి."

"ఆ టేపుకి ధ్రువపత్రం ఉందా అమ్మా?"

"లేదండి. సున్నా ఉందండి."

డాక్టరుగారు జాలిగా నవ్వి, కారణం వెతకడానికి ఊళ్ళోకి వెళ్ళారు. మూడు రోజులు ఇంటింటా భోంచేసి కనిపెట్టారు. బొండాలమెరకలో పనసపొట్టు కూరలో ఆవ పెడతారు. పక్క ఊళ్ళో సర్వే చేసిన ఇంట్లో ఆ పూట పెట్టలేదు. నిజానికి ఆ పూట వాళ్ళింట్లో ఆవాలు నిండుకున్నాయి. ఆ ముక్క ప్రశ్నావళిలో లేదు. ఆవ ఘాటుకు పిల్లలు ఎగిరెగిరి పడతారనీ, దాంతో ఎముక సాగుతుందనీ సిద్ధాంతం వెలువడింది.

బృందంలో ఒకరు, బల్లలోనే ఏదైనా లోపం ఉందేమోనండి అని నసిగారు. నిజమైన శాస్త్రవేత్త అనుమానాన్ని అణచివేయడు. డాక్టరుగారు చెప్పులు విప్పి స్వయంగా బల్ల దగ్గర నిలబడ్డారు. సర్వీసు రిజిస్టరు ప్రకారం ఆయన ఎత్తు నూట అరవై ఎనిమిది. బల్ల నూట డెబ్భై రెండు చూపింది. అందరూ ఆయనకేసి చూశారు.

"మూడు రోజులే తిన్నాను," అన్నారు డాక్టరుగారు. "ఈ వయసులో!"

ఇక సిద్ధాంతానికి తిరుగు లేకపోయింది. రాజోలు నుంచి రాయవరం దాకా కొట్లలో ఆవాలు దొరకలేదు. కానిస్టేబులు ఉద్యోగాలకు తయారవుతున్న కుర్రాళ్ళు పొద్దున్న పరుగు మానేసి పనసపొట్టు తిన్నారు. అభినందన సభకు ఒక మంత్రివర్యులు విచ్చేసి, ఫోటో కోసం బల్ల దగ్గర నిలబడి, అంకె చూసుకుని ఉద్వేగానికి లోనయ్యారు. "పాతికేళ్ళుగా నన్ను తక్కువ చేసి మాట్లాడుతున్న ప్రతిపక్షాలకు ఈ బల్లే సమాధానం!" అని ప్రకటించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఇలా సుఖంగా జరిగిపోతుండగా, అన్ని అంగన్‌వాడీలకూ ఇచ్చినట్టే బొండాలమెరకకూ ఒక కొత్త బల్ల వచ్చింది. దానికి సున్నా ఉంది. పిల్లలు ఒక్క పూటలో నాలుగేసి సెంటీమీటర్లు తగ్గిపోయారు. మర్నాడే కృపమ్మకు మెమో అందింది. "ఇరవై ముగ్గురు పిల్లల తాలూకు మొత్తం తొంభై రెండు సెంటీమీటర్ల ఎత్తు మీ ఆధీనంలో ఉండగా ఏమైనదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో విధుల నుండి ఏల తొలగించరాదు?"

కృపమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మూడో రోజు ఆఫీసరు గారు విచారణకు వచ్చేసరికి ఊరంతా అంగన్‌వాడీ ముందు చేరింది. ఆవిడ వాదించలేదు. రెండు బల్లల్నీ పక్కపక్కన నిలబెట్టింది. నేల దగ్గర ఒకదాని మీద సున్నా, రెండోదాని మీద నాలుగు. రాఘవులు ముందుకొచ్చి, "ఆయ్, నేనే కోసేనండి. రసీదు కూడా ఆఫీసులో ఉందండి," అన్నాడు.

ఆఫీసరు గారు రెండు బల్లల్నీ వంగి చూశారు. ఆయనకు అర్థమైనట్టే ఉంది. అప్పుడు జనంలోంచి సాయిదుర్గ లేచింది.

"టీచరమ్మ గారూ, మా జాహ్నవి తొంభై ఆరని కువైట్లో ఉన్న వాళ్ళ నాన్నకి చెప్పేనండి. ఆయన రూములో వాళ్ళందరికీ స్వీట్లు పంచేరండి. ఇప్పుడు పిల్ల తగ్గిపోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారండి?"

"పిల్ల తగ్గలేదమ్మా. తొంభై రెండని రాస్తేనే దానికి రెండో గుడ్డొస్తాది."

"గుడ్డు నేను పెట్టుకుంటానండి. ఎత్తు మీరు పెట్టండి."

ఊరంతా "ఆయ్, అదేనండి న్యాయం" అంది. పాత బల్లే ఉండాలని ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. ఆఫీసరు గారు తీర్పు చెప్పారు.

"ప్రభుత్వం ఒక బల్లని పంపింది. ప్రజలు ఒక బల్లని సమర్థిస్తున్నారు. ఎవరినీ నొప్పించకుండా రెండు కొలతల సగటు తీసుకోవాలని నిర్ణయిస్తున్నాను."

ఆ ప్రకారం జాహ్నవి ఎత్తు తొంభై నాలుగుగా ఖరారైంది. అంటే సరిగ్గా గీత మీద. గీత కింద ఉంటే రెండో గుడ్డు ఉంది, పైన ఉంటే లేదు. గీత మీదుంటే ఏం చేయాలో నియమావళిలో లేదు. పై కార్యాలయానికి రాస్తే, నెల రోజుల తర్వాత ఉత్తర్వులు వచ్చాయి. రెండో గుడ్డులో సగం మంజూరు.

కృపమ్మ మీద మెమో ఉపసంహరించారు. ఆవిడ ఆ రోజు నుంచి జాహ్నవికి రెండో గుడ్డు పూర్తిగా పెడుతోంది, రిజిస్టరులో "అర గుడ్డు" అని రాస్తోంది. మిగతా అరకు లెక్క చూపాలి గనక దాని పక్కన "కొలతలో అనిశ్చితి: అర గుడ్డు" అని రాస్తోంది. తనిఖీకి వచ్చినవారు అది చదివి, జిల్లాలో ఇంత శాస్త్రీయంగా రిజిస్టరు నిర్వహిస్తున్న టీచరు మరొకరు లేరని ప్రశంసాపత్రం ఇచ్చారు.

పాత బల్ల పంచాయతీ వరండాలో ఉంది. ఆదివారాల్లో జొన్నాడ నుంచి కూడా పెళ్ళికొడుకులు వచ్చి కొలిపించుకుంటున్నారు. నిజానిజాలు తేల్చుకుందామని ఈ రచయిత కూడా వెళ్ళి వరుసలో నిలబడ్డాడు. జన్మంతా ఐదడుగుల నాలుగంగుళాలు అనిపించుకున్న మనిషి ఐదడుగుల ఐదున్నర దాటాడు. పైన ఆ బల్ల గురించి ఎక్కడైనా తేలికగా రాసి ఉంటే పాఠకులు కొట్టివేసి చదువుకోగలరు. అది చాలా మంచి బల్ల. మీరు వచ్చేటట్టయితే పొద్దున్నే రండి, మీలాంటివారు చాలామంది ఉన్నారు.