డానియేలు చిగుళ్ల పెరుగు

లైన్‌మన్ డానియేలుకు కరెంటు స్తంభమంటే భయం లేదు. పళ్ల డాక్టరు కుర్చీ అంటేనే భయం. అందుకే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని వెళ్లినప్పుడు, డాక్టర్ నుజహత్ చెప్పిన రెండు మాటల్లో ఒకదాన్ని క్లినిక్ మెట్ల మీదే వదిలేసి వచ్చాడు.

"డాక్టరమ్మ ఏమన్నది?" అడిగింది భార్య స్వరూప.

"మంచి బ్యాక్టీరియా బిళ్లలు చప్పరించమన్నది. చిగుళ్లకు మంచిదట."

"మరి పళ్లకు పట్టిన గార?"

"గా మంచి బ్యాక్టీరియానే చూస్కుంటది. నడుమ మనకెందుకు ఫికర్?"

బిళ్లల డబ్బా చిన్నది. అయిపోతే మళ్లీ ఆ కుర్చీ మొహం చూడాలి. పెరుగులో ఉండేదీ బ్యాక్టీరియానే కదా అని డానియేలు బుర్ర వెలిగింది. ఆ రాత్రి స్వరూప మేడ మీదికి వెళ్లగానే, వేడిగా ఉంటే తొందరగా తోడుకుంటుందని, పొంగిన పాలు గిన్నెలోకి వంచి ఒక బిళ్ల నలిపి వేశాడు.

పొద్దున్నే గిన్నెలో గడ్డ పెరుగు! తోడుకని అడుగున కాస్త ఉంచి, మిగతాదంతా తిన్నాడు. చిగుళ్లు సిమెంటు పోసినట్టు బిగుసుకున్నాయనిపించింది. మర్నాటికి ఇంకో గిన్నె తోడు పెట్టడమేనని సంతోష్‌నగర్ గల్లీ అంతా చాటాడు.

సాయంత్రానికి పక్కింటి తాహిర్ టిఫిన్ డబ్బాతో, పైవాటా నాగమణమ్మ గిన్నెతో గుమ్మంలో నిలబడ్డారు.

"డానియేల్ భాయ్, జర తోడు ఇయ్యి. నా చిగుళ్లు గూడ ఖరాబైనయి."

"అందరికిస్త, లొల్లి చెయ్యకుండ్రి."

"ముందుగాల ఈ జామకాయ కొరికి చూపియ్యి, నాయనా," అంది నాగమణమ్మ.

డానియేలు దర్జాగా కొరికాడు.

"ఎర్ర జామనా, భాయ్?" అన్నాడు తాహిర్.

"కాదు, తెల్లదే," అంది నాగమణమ్మ, కాయ కొనుక్కొచ్చింది ఆమే కనుక.

వెనక నుంచి స్వరూప వచ్చింది. "నువ్వు తిన్నది నేను తోడేసిన పెరుగయ్యా. కాగే పాలల్ల బిళ్ల ఏస్తే పేరుతదా? నీ పాలు పారబోసిన."

"మరి చిగుళ్లు గట్టిపడ్డట్టు అనిపించె గదా!"

"డాక్టరమ్మకు ఫోన్ జేసిన. ముందు గార తీయించుకొని, తర్వాత బిళ్లలు ఏసుకోమన్నదట గదా. తోమని గిన్నెల ఎవరన్న తోడేస్తరా?"

తాహిర్ డబ్బా వీపు వెనక దాచుకున్నాడు.

మర్నాడు ముగ్గురినీ క్లినిక్‌కు తోలుకెళ్లింది స్వరూప. "గురువుగారే ముందు," అని ఇద్దరూ డానియేలును లోపలికి నెట్టారు. కాసేపటికి అతను ఛాతీ విరుచుకుని బయటికి వచ్చాడు.

"ఏం నొప్పి లేదు, భాయ్! ఉత్తగనే భయపడ్తరు. స్వరూపా, ఆ బిళ్లల డబ్బా ఇటియ్యి."

స్వరూప డబ్బాను సంచిలోకి తోసింది.

"కింది వరుస ఇంక మిగిలే ఉందట, డాక్టరమ్మ పిలుస్తున్నది. సగం తోమిన గిన్నెల తోడెయ్యను. నడు లోపలికి."

డానియేలు తాహిర్ వీపు వెనక దాక్కున్నాడు.